అప్‌డేట్: ఇసుకలోకి పోయిన హెర్మిట్ ఎండ్రికాయ బయటికొచ్చింది

దాదాపు నెల కింద అడిగిన కదా, హన్మకొండల మా ఇంట్ల పెంచుకునే హెర్మిట్ ఎండ్రికాయ (ఖాళీ నత్తగుల్లల దూరి బతికే రకం) తొట్టిల ఇసుకలోకి పోయి 15 రోజులైంది, చచ్చిందా, తవ్వి చూడాల్నా అని. తవ్వొద్దన్నోళ్లందరికీ దండాలు. 41వ రోజు, నిన్న రాత్రి, తనే బయటికొచ్చింది. కుబుసం విడిచిందన్న మాటే నిజమైంది. కాళ్లు లేతరంగుల నిగనిగలాడుతున్నయి, విరిగిన చిన్నకాలు మళ్ల మొలిచింది! విడిచిన కుబుసాన్ని ఇసుక లోపలే తినేసినట్టుంది.

అమ్మ రోజూ "ఇగ పారేయ్ బిడ్డా" అనేది. చచ్చిపోతే కుళ్లిన చేప వాసనొస్తది, అది రానంతవరకు ఆగుమన్న సలహా మీదనే ఆగిన.

తొట్టిల తేమ మీటరు మొదట 52 శాతమే చూపెట్టింది, తేమ తక్కువై మొప్పలు ఎండితే దానికి ఊపిరాడదంట. తొట్టి మూత మీద ప్లాస్టిక్ కవర్ పరిచినంక 80 శాతం దగ్గర నిలబడ్డది. గుల్ల ఇరుకైందేమో అని కొన్న మూడు కొత్త గుల్లలు మాత్రం దండగ, పాతదాంట్లనే ఉంది.