స్వరం పక్కన కామా ఉంటే ఆగాలా, సాగాలా?

కోనసీమ గొంతు (అమలాపురం):
నమస్కారమండీ. రాజమండ్రిలో కొన్న స్వరాల పుస్తకం చూసి గాత్రం సాధన చేస్తున్నాను. సరళి (మొదట నేర్పే స్వరాల వరసలు) మొదటి వరస తాళంతో వస్తోంది. తర్వాత వచ్చే కామాలు, సెమికోలన్లు, గీతలు, చుక్కలు అంతుపట్టడం లేదు. కామా దగ్గర ఊపిరి తీసుకుంటే తాళం తప్పుతోంది.

పాలకొల్లు శ్రుతి:
తప్పు అక్కడేనండీ. కామా విరామం కాదు, ముందున్న స్వరాన్ని ఇంకో అక్షరకాలం (తాళంలో ఒక లెక్క) సాగదీయమని. సెమికోలన్ అయితే రెండు. ‘ప’ ఒకటి, ‘పా’ రెండు, ‘పా ,’ మూడు, ‘పా ;’ నాలుగు. ఆదితాళంలో (ఎనిమిది లెక్కల తాళం) ఇలా ఉందనుకోండి:

స రి గ మ | పా | ; ||

లఘువులో (మొదటి నాలుగు లెక్కల భాగం) దెబ్బ, చిటికెన వేలు, ఉంగరపు వేలు, మధ్య వేలు: వీటికి స రి గ మ. తర్వాత రెండు ద్రుతాలు, ఒక్కోటి దెబ్బ, విసురు (అరచెయ్యి తిప్పడం). మొదటి ద్రుతం దెబ్బ మీద ‘ప’ పట్టుకుని విసురు, మళ్లీ దెబ్బ, విసురు దాకా ‘ఆ’ అనే నాదం తెగకుండా లాగాలి. సెమికోలన్ దగ్గర ‘పా’ అని మళ్లీ పలకొద్దు. ఊపిరి కావాలంటే ఆఖరి విసురులో రవ్వంత ముందు వదిలి తీసుకోండి.

పాడే ముందు నిలువు గీతల మధ్య ఉన్న ప్రతి గడి కిందా పెన్సిల్‌తో అంకె వేయండి: 4, 2, 2. మొత్తం 8 రాకపోతే మీ లెక్కైనా తప్పు, అచ్చైనా తప్పు. దీర్ఘాలు అచ్చులో ఎగిరిపోతుంటాయి. మలహరి రాగంలో ‘శ్రీ గణనాథ’ గీతానికొచ్చేసరికి రూపక తాళం, 2+4.

అక్షరాల మీద ఒక గీత ఉంటే సగం కాలం, రెండుంటే పావు.

కాకినాడ వీణ:
స్వరానికి పైచుక్క ఉంటే తారస్థాయి (పై స్థాయి), కిందచుక్క ఉంటే మంద్రం (కింది స్థాయి). జెరాక్సులో ఇవి చెరిగిపోతాయి. ‘ప ద ని స’ అని ఎక్కుతున్నప్పుడు ఆ ‘స’ పైదే, ఎర్ర పెన్నుతో చుక్క పెట్టేసుకోండి.

ఇంకోటి, ‘రి’ అని రాసినంత మాత్రాన ఏ రిషభమో తెలీదు. పైనున్న రాగం పేరు చూడాలి. ఒకటో శ్రుతిలో (C మెట్టు ‘స’ అయినప్పుడు) హార్మోనియం మీద ‘స’ పక్క నల్లమెట్టు మాయామాళవగౌళ రి. శంకరాభరణంలో అయితే ఆ తర్వాతి తెల్లమెట్టు.

కోనసీమ గొంతు:
చాలా సంతోషమండీ. మరి గమకాలు (స్వరాన్ని ఊపడం, జార్చడం లాంటివి)?

పాలకొల్లు శ్రుతి:
అభ్యాస పుస్తకాల్లో రాయరండీ, విని పట్టుకోవాల్సిందే. 1904లో తెలుగు లిపిలో వచ్చిన సుబ్బరామ దీక్షితుల సంగీత సంప్రదాయ ప్రదర్శినిలో వాటికి విడిగా గుర్తులున్నాయి, కానీ ఇప్పుడే దాని జోలికెళ్లొద్దు. శ్రుతి పెట్టె వేసుకుని, నిమిషానికి 60 దెబ్బలతో మొదలెట్టండి. మొదటి కాలంలో (వేగంలో) దెబ్బకి ఒక స్వరం, రెండో కాలంలో రెండు స్వరాలు, మూడో కాలంలో నాలుగు. పెరిగేది స్వరాల సంఖ్యే, చెయ్యి వేగం కాదు.