లోవెల్‌కి వస్తున్న మిర్యాలగూడ తమ్ముడికి

ప్రశ్న: అన్నలూ, అక్కలూ, నమస్తే. మాది మిర్యాలగూడ. ఎం.ఎస్. కోసం మసాచుసెట్స్‌లోని లోవెల్‌కి వస్తున్నా. ఊరు ఎట్లా ఉంటుందో ఎవరిని అడిగినా "బోస్టన్ పక్కనే" అని ఊరుకుంటున్నారు. కొంచెం టెన్షన్‌గా ఉంది.

జవాబు: తమ్ముడూ, సాగర్ ఎడమ కాలువ నీళ్ళు తాగినవాడివి, లోవెల్ నీకు తొందరగానే అర్థమవుతుంది. ఇదీ కాలువల ఊరే. మెరిమాక్ నది న్యూహాంప్‌షైర్ నుంచి దక్షిణానికి వచ్చి, ఇక్కడ ఈశాన్యానికి తిరుగుతుంది. ఆ మలుపులో పాటకెట్ జలపాతం దగ్గర 32 అడుగుల దాకా పల్లానికి దిగుతుంది. ఊరు పుట్టింది ఆ పల్లం వల్లే.

అంతకుముందు చేపలు ఎదురెక్కే రోజుల్లో పెన్నకూక్ ఆదివాసులు ఇక్కడికి చేరేవాళ్ళు. 1790లలో జలపాతాన్ని తప్పించి కలప దింపడానికి ఒక కాలువ తవ్వారు. 1821లో బోస్టన్ వ్యాపారులు ఆ కాలువనూ పక్క పొలాలనూ కొని, ఆ నీటితోనే బట్టల మిల్లులు నడిపారు. 1826లో టౌన్, 1836కల్లా సిటీ. మగ్గాల దగ్గర ఎక్కువగా పల్లెల నుంచి వచ్చిన రైతుల ఆడపిల్లలు, రోజుకు 12 గంటలకు పైగా పని. కూలి తగ్గిస్తే 1834లో, హాస్టల్ ఖర్చు పెంచితే 1836లో పని ఆపి బయటికొచ్చారు. ఆ మిల్లులకు వచ్చిన పత్తి దక్షిణాదిలో బానిసల చేత పండించింది. పత్తి పండే జిల్లా నుంచి వచ్చినవాళ్ళం, ఆ మాట మనం మరవకూడదు.

నాకు బాగా ఇష్టమైన మనిషి జేమ్స్ ఫ్రాన్సిస్, ఇక్కడి కాలువల ఇంజనీరు. వరదొస్తే కాలువ మూయడానికి 1850లో పెద్ద కొయ్య గేటు కట్టిస్తే జనం దండగ ఖర్చన్నారు. 1852 వరదలో అదే ఊరిని కాపాడింది, 1936 వరదలో మళ్ళీ దించారు. మన నాగార్జునసాగర్ పవర్‌హౌస్‌లో తిరిగేది ఆయన పేరు మీదున్న టర్బైనే. దాన్ని ఆయన పరీక్షించి మెరుగుపరిచింది ఈ ఊళ్ళోనే. ఇక్కడి యూనివర్సిటీ (యూమాస్ లోవెల్) ఇంజనీరింగ్ కాలేజీకీ ఆయన పేరే.

బూట్ అనే పేరున్న బట్టల మిల్లు మ్యూజియంలో పాత మరమగ్గాలు ఇప్పటికీ నడుపుతారు. చెవుల్లో పెట్టుకోవడానికి ప్లగ్గులు ఇస్తారు, పెట్టుకో. పోచంపల్లి మగ్గం చప్పుడు విన్నవాళ్ళు కూడా ఆ మోతకు బిత్తరపోతారు.

ఇంకో జవాబు (పాలమూరు అక్క): మిల్లులు 1920లలో మూతపడటం మొదలైంది, ఊరు చాలా ఏళ్ళు కష్టపడింది. 1980ల నుంచి కంబోడియా శరణార్థులు వచ్చి ఇక్కడ నిలదొక్కుకున్నారు. వాళ్ళ కొట్లలో మన వంటకు పనికొచ్చే కూరలు చాలా దొరుకుతాయి నాన్నా. చలికాలంలో కాలువ మీద మంచు గట్టిగా కనిపించినా దాని మీద కాలు పెట్టకు. బోస్టన్‌కి రైల్లో ముప్పావు గంట. రూం మాట్లాడే ముందు మీ క్లాసులు నదికి ఏ ఒడ్డున ఉంటాయో కనుక్కో. నార్త్ క్యాంపస్ అవతలి ఒడ్డు, సౌత్ క్యాంపస్ ఇవతలి ఒడ్డు. జనవరిలో వంతెన మీద గాలి ముఖం కోసేస్తుంది.