బ్యాడ్‌ఫింగర్ అభిమానులు ఎవరైనా ఉన్నారా? పాటల గురించి మాట్లాడుకుందాం

గోదారి_గిటార్:
"వితౌట్ యూ" అనగానే మనలో చాలామందికి మరైయా కేరీ గుర్తొస్తుంది. కాస్త పెద్దవాళ్లయితే హ్యారీ నిల్సన్ అంటారు. ఆ పాట రాసిందీ, మొదట పాడిందీ బ్రిటిష్ రాక్ బ్యాండ్ బ్యాడ్‌ఫింగర్, 1970లో "నో డైస్" ఆల్బమ్‌లో. చరణం బ్యాండ్‌లోని పీట్ హామ్‌ది, పల్లవి తోటి సభ్యుడు టామ్ ఎవన్స్‌ది. ఎవరికి వారు పూర్తి చేయలేక వదిలేసిన రెండు పాటల్ని కలిపితే ఇది పుట్టింది. నిల్సన్ గొంతులో 1972లో అమెరికాలో నాలుగు వారాలు మొదటి స్థానంలో నిలిచింది. రాసినవాళ్ల పేరు మాత్రం జనానికి చేరలేదు.
వీళ్ల గురించి ఎక్కడ చదివినా విషాదమే. ఇక్కడ పాటల గురించి చెప్పుకుందామని మొదలుపెట్టాను. మీకు ఎలా పరిచయమయ్యారు?

వైజాగ్_వినైల్:
చాలామందిలాగే నాకూ "బ్రేకింగ్ బ్యాడ్" అనే అమెరికన్ టీవీ సీరియల్ చివరి ఎపిసోడ్ నుంచే. 2013లో అది చూశాక "బేబీ బ్లూ" వరసగా ఎన్నిసార్లు విన్నానో! మొదట్లో వచ్చే ఆ గిటార్ రిఫ్ (మళ్లీ మళ్లీ వచ్చే చిన్న బాణీ) పాట మొత్తాన్నీ భుజాన మోస్తుంది. గిటార్లు గట్టిగా మోగుతుంటాయి, బాణీ మాత్రం ఒక్కసారి వింటే నోటికొచ్చేస్తుంది. పవర్ పాప్ అంటే ఏమిటని ఎవరడిగినా ఈ పాటే వినిపిస్తాను.

నల్లగొండ_శ్రోత:
నాకైతే వీళ్లు బీటిల్స్ బ్యాండ్ జార్జ్ హారిసన్ వల్ల తెలిసిన్రు. 1971 ఆగస్టు 1న న్యూయార్క్‌ల బంగ్లాదేశ్ శరణార్థుల కోసం రవిశంకర్, హారిసన్ కలిసి కచేరి పెట్టిన్రు గద. మా నాయనకు రవిశంకర్ సితార్ అంటే పానం, ఆ కచేరి సినిమా ఇంట్ల మస్తు సార్లు నడిచేది. స్టేజి మీద వెనక అకూస్టిక్ గిటార్లు పట్టుకున్నోళ్లు బ్యాడ్‌ఫింగర్ వాళ్లే. "హియర్ కమ్స్ ద సన్" కాడ హారిసన్ పక్కన నిలబడి వాయించినాయన పీట్ హామ్. ఎంత నెమ్మదిగ, ఎంత శుద్ధంగ వాయించిండో చూడుర్రి. తను ముంగటికి రావాలన్న యావ ఏ కోశాన లేదు.

కొత్త_వినికిడి:
క్షమించాలి, నాకు మాత్రం బీటిల్స్‌కు నకలులా అనిపించారు. "కమ్ అండ్ గెట్ ఇట్" పాల్ మెకార్ట్నీ పాటే కదా?

గోదారి_గిటార్:
అవునండీ, ఆ ఒక్క పాట ఆయనదే. తను చేసిన డెమో (నమూనా రికార్డింగ్) ఎలా ఉందో అచ్చం అలాగే వాయించమని ఆయనే చెప్పాడు. రికార్డు సంస్థ కూడా బీటిల్స్ వాళ్ల ఆపిల్. దాంతో ఆ ముద్ర పడిపోయింది, పాపం చివరిదాకా వదల్లేదు. కానీ ఆ తర్వాత వచ్చిన హిట్లు చూడండి. "నో మ్యాటర్ వాట్", "డే ఆఫ్టర్ డే", "బేబీ బ్లూ" మూడూ పీట్ హామ్ రాసినవే.
"నో మ్యాటర్ వాట్" నేను వాయించి చూశాను. అంత బరువైన గిటార్ కింద అంత తేలికైన పాట! చివర్లో అయిపోయిందనుకుంటాం, ఒక్క క్షణం ఆగి మళ్లీ అందుకుంటారు. ఎన్నిసార్లు విన్నా ఆ చోట ఒళ్లు పులకరిస్తుంది. ఇక "డే ఆఫ్టర్ డే"లో స్లైడ్ గిటార్ (తీగల మీద గొట్టం జారిస్తూ వాయించేది) హామ్, హారిసన్ ఇద్దరూ కలిసి వాయించారు, పియానో లియోన్ రస్సెల్. రెండు స్లైడ్ గిటార్లు ఒకే శ్రుతిలో, ఒకే ఊపిరిలో కదలడం ఎంత కష్టమో స్లైడ్ పట్టుకున్నవాళ్లకు తెలుస్తుంది. ఒక్కడు కాస్త జారినా వికారంగా వినిపిస్తుంది. "స్ట్రెయిట్ అప్" ఆల్బమ్‌కు హారిసన్ ప్రొడ్యూసర్‌గా ఉండి, ఆ బంగ్లాదేశ్ కచేరీ పనిమీద వెళ్లిపోతే మిగతాది టాడ్ రండ్‌గ్రెన్ పూర్తి చేశాడు. ఇద్దరు ప్రొడ్యూసర్ల చేతుల్లో పడినా ఆల్బమ్‌కు ఒకే గొంతు ఉందంటే ఆ బలం రచనది. నకలు చేసేవాళ్లకు అది సాధ్యం కాదు.

డల్లాస్_తెలుగు:
గోదారి గారు చెప్పినదానికి ఒక్కటి కలుపుతాను. 1974లో వచ్చిన "విష్ యూ వర్ హియర్" వాళ్ల అత్యుత్తమ ఆల్బమ్ అని నా నమ్మకం. డబ్బు లెక్కల గొడవలో రికార్డు కంపెనీ దాన్ని కొద్దికాలానికే దుకాణాల నుంచి వెనక్కి తీసుకుంది. జనం విని కాదన్నది కాదు, వినే వీలే లేకుండా చేశారు. 1975 ఏప్రిల్‌లో పీట్ హామ్ ఆత్మహత్య చేసుకున్నాడు, 27 ఏళ్లకే. 1983లో టామ్ ఎవన్స్ కూడా. పాటలే మాట్లాడుకుందామన్నారు కాబట్టి ఇంతకంటే రాయను. కానీ వీళ్లకు పేరు ఎందుకు రాలేదని అడిగేవాళ్లకు ఈ సంగతి తెలియాలి.

నల్లగొండ_శ్రోత:
నిజం చెప్పిన్రు అన్నా. ఆ ఆల్బమ్ నేను ఇంకా పూర్తిగ వినలే, ఈ వారం వింటా.

కొత్త_వినికిడి:
ఇంత వివరంగా చెప్పినందుకు ధన్యవాదాలు. అయితే ఏ వరసలో వినాలి?

వైజాగ్_వినైల్:
ముందు "స్ట్రెయిట్ అప్". తర్వాత "నో డైస్", ఆపైన డల్లాస్ గారు చెప్పింది. ఈ మూడూ నచ్చితే "7 పార్క్ ఎవెన్యూ" వెతకండి. పీట్ హామ్ ఇంట్లో రికార్డు చేసుకున్న డెమోలు, 1997లో విడుదల చేశారు. బ్యాండ్ హోరు లేకుండా ఆ గొంతు వింటే అతను ఎంత మంచి పాటగాడో తెలుస్తుంది.

గోదారి_గిటార్:
"స్ట్రెయిట్ అప్" షఫుల్‌లో పెట్టకండి. "మనీ" అవుతూ అవుతూనే "ఫ్లయింగ్"లోకి వెళ్లిపోతుంది, మధ్యలో తెగితే ఆ అందం పోతుంది.