అసెంబ్లీ లైన్‌కి పార్టులు: అన్నీ కిట్టింగేనా?

ప్రశ్న:
మా కార్ల ప్లాంటు ట్రిమ్ లైన్‌లో (పెయింటైన బాడీకి పార్టులు బిగించే చోటు) టాక్ట్, అంటే స్టేషన్‌లో ఒక్కో బండికి దొరికే టైం, 90 సెకన్లు. సైడ్ అద్దాలు మొదట్లో నాలుగు రకాలే, ఇప్పుడు 14. ర్యాక్ పక్క స్టేషన్‌లోకి పాకేసింది, ఆపరేటర్ వెతుక్కుంటూ నడవడానికే టైం అయిపోతోంది, హడావుడిలో ఒకదాని బదులు ఇంకోటి బిగించేస్తున్నాడు. మేనేజర్ గారు లైన్ మొత్తం కిట్టింగ్‌కి (ఒక్కో బండికి కావాల్సిన పార్టులు స్టోర్‌లోనే ఏరి, ఒక ట్రేలో సర్ది పంపడం) మార్చేద్దాం అంటున్నారు. చేసినవాళ్లుంటే చెప్పండి, టెన్షన్‌గా ఉంది.

జవాబు 1:
మొత్తం మార్చొద్దండీ. క్లిప్పులు, బోల్టులు లెక్కపెట్టి కిట్‌లో వేయడం శుద్ధ దండగ, వాటికి రెండు డబ్బాలు చాలు: ముందుది ఖాళీ అయితే వెనకది జారి వస్తుంది, ఆ ఖాళీ డబ్బానే ఆర్డరు. టగ్గర్ (పార్టుల ట్రాలీలు లాక్కొచ్చే వాహనం) 40 నిమిషాలకోసారి వస్తే ఈలోగా మీకు 27 బండ్లు పోతాయి, బండికి నాలుగు క్లిప్పులంటే 108, కాబట్టి 150 పట్టే డబ్బా పెట్టుకోండి. సీట్లు, బంపర్లు సీక్వెన్స్‌లో, అంటే లైన్‌లో బండ్లు వచ్చే వరసలోనే రావాలి. చేతిలో పట్టేంత సైజు ఉండి రకాలు ఎక్కువైన వాటికే కిట్, మీ అద్దాలు ఆ కోవలోవే.

జవాబు 2:
కిట్టింగ్ పెట్టాక నడక ఎక్కడికీ పోదు, స్టోర్‌లో పార్టులు ఏరేవాడి కాళ్లకి చుట్టుకుంటుంది. అసలు తలనొప్పి వేరే. మా దగ్గర ఒకరోజు కిట్‌లో అద్దం గీత పడి వచ్చింది, ఆపరేటర్ లైన్ ఆగకూడదని వెనక బండి కిట్‌లోంచి అదే రకం తీసి బిగించాడు, ఆ వెనక బండికి దాని వెనక కిట్‌లోంచి... షిఫ్ట్ అయ్యేదాకా ఆ ఒక్క లోటు ట్రాలీ నుంచి ట్రాలీకి తిరుగుతూనే ఉంది. పక్క కిట్ ముట్టుకోకుండా, లైన్ పక్కనుండే తాడు లాగి సాయానికి పిలవమని ఆపరేటర్లకి ముందే చెప్పండి. ట్రేలో ఫోమ్‌ని పార్టు ఆకారంలో కోయించండి, ఏది తక్కువైందో గుంటే చూపిస్తుంది.

జవాబు 3:
పార్టులు ఏ వరసలో పంపాలో చెప్పే సీక్వెన్స్ పిలుపు మాత్రం బాడీ పెయింట్ షాప్‌కి వెళ్లకముందే ఇవ్వకండి. రంగు బాగోక ఒక బాడీ రిపేర్‌కి వెళ్తే వరస మొత్తం తప్పుతుంది. పెయింటైన బాడీలు ట్రిమ్‌లోకి దిగేచోట ఖాయం చేయండి. నిల్వ మరీ పిండేయకండి కూడా: 1997 ఫిబ్రవరిలో టయోటాకి పార్టులిచ్చే ఐసిన్ ప్లాంటులో మంటలొస్తే, ఒక చిన్న బ్రేక్ వాల్వ్ అందక టయోటా లైన్లు రోజుల తరబడి ఆగాయి.

ప్రశ్న అడిగినవారు:
థాంక్సండీ. ముందు అద్దాలొక్కటే కిట్‌లో పెట్టి చూస్తాం. తాడు సంగతి ఆపరేటర్లకి చెప్పడం తేలికే, మా సూపర్‌వైజర్‌కి నచ్చజెప్పాలి.