నాన్న జెండా వందనానికి రమ్మంటున్నారు, నాకు మనసొప్పడం లేదు. మీరైతే వెళ్తారా?

మెట్ట రైతు కొడుకు (చర్చ మొదలుపెట్టినవారు):
మాకున్నది రెండెకరాల పది సెంట్లు. పాసుపుస్తకంలో సర్వే నంబరు తప్పు పడింది. అది సరిచేయించడానికి నాన్న రెండేళ్లుగా ఆఫీసు చుట్టూ తిరుగుతున్నారు. సార్ మీటింగులో ఉన్నారంటారు, సర్వర్ డౌన్ అంటారు, వచ్చే వారం రమ్మంటారు. పోయినేడు ఆగస్టు 15న అదే ఆఫీసు ముందు జెండా ఎగరేసి, అదే సారు సమరయోధుల త్యాగాల గురించి ఇరవై నిమిషాలు మాట్లాడారు. నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని ఎండలో నిలబడి విన్నారు. అక్కడ పంచిన చాక్లెట్ తినకుండా జేబులో పెట్టుకొచ్చి మా పాపకిచ్చారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఈసారి నన్నూ రమ్మంటున్నారు. ఆ సారు ముందు నిలబడి చప్పట్లు కొట్టడం నావల్ల కాదు.

తెనాలి పక్క ఊరు:
వెళ్లొద్దు తమ్ముడూ. నేను వెళ్లక చాలా ఏళ్లయింది. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపారు. అప్పుడు నేను ఐదో తరగతి. సరిగ్గా తొమ్మిది రోజులకి మా బళ్లో జెండా ఎగరేశారు, బిళ్లలు పంచారు, చుండూరు గురించి ఒక్కరూ నోరు మెదపలేదు. ఆ మౌనం నాకింకా గుర్తుంది. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు అందరినీ నిర్దోషులంది. మరి ఆ ఎనిమిది మందిని చంపిందెవరు? అంబేద్కర్ 1949 నవంబర్ 25నే రాజ్యాంగ సభలో హెచ్చరించారు: రాజకీయాల్లో సమానత్వం, బతుకులో అసమానత్వం, ఈ వైరుధ్యంలోకి అడుగుపెడుతున్నామని. ఆయనకి దండ వేస్తాం గానీ ఆ మాట ఎవరికీ పట్టదు.

కావలి టీచరమ్మ:
అన్నా, మీరు చెప్పినదాంట్లో నేను కాదనేది ఏమీ లేదు. చుండూరు మీద నా దగ్గర జవాబు లేదు, ఉందని నటించను కూడా. కానీ జెండా ఆ సారుది అన్నట్టు వదిలేసి రావడం నాకు నచ్చదు.

మా నెల్లూరు జిల్లా సంగతి ఒకటి చెప్తాను. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా కొట్టు మూయించారు. వాళ్లేమీ చదువుకున్నవాళ్లు కాదు, అక్షరాస్యతా కేంద్రాల్లో రాత్రిపూట లాంతరు ముందు అప్పుడే అ ఆలు దిద్దుతున్నవాళ్లు. దిద్దుతూ దిద్దుతూ మొగుడి కూలి ఎక్కడికి పోతోందో మాట్లాడుకున్నారు, లేచారు. వాళ్లలో ముందు నిలిచిన రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. 1993 అక్టోబర్‌లో సారా నిషేధం వచ్చింది, 1995 జనవరిలో మొత్తం మద్యమే ఆగింది. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తల్లో, 1951 లెక్కల ప్రకారం, ఈ దేశంలో చదవడం రాయడం వచ్చిన ఆడవాళ్లు నూటికి తొమ్మిది మంది కూడా లేరు. అలాంటి దేశంలో మొదటి ఎన్నికలకే ప్రతి ఆడమనిషికీ ఓటిచ్చారు. దూబగుంట నాకు ఆ నమ్మకానికి వచ్చిన పంటలాగా కనిపిస్తుంది.

తెనాలి పక్క ఊరు:
1997లో ఆ మొత్తం మద్యనిషేధం ఎత్తేసిన సంగతి కూడా చెప్పండి మేడం. ఇప్పుడు అదే జిల్లాలో మందు దొరకని ఊరుందా?

కావలి టీచరమ్మ:
లేదు. అది తలుచుకుంటే నాకూ కడుపు రగులుతుంది. కొట్లు మళ్లీ తెరిచారు, కానీ ఆ ఆడవాళ్లు నేర్చుకున్న అక్షరాన్ని వెనక్కి తీసుకోలేకపోయారు. వాళ్ల మనవరాళ్లే ఇవాళ నా ముందు బెంచీల్లో ఉన్నారు. ఇంకో మాట. మా ఊళ్లో మహిళా రిజర్వేషన్ వచ్చిన మొదటిసారి జెండా తాడు లాగింది సర్పంచమ్మ కాదు, ఆమె భర్త. ఆమె పక్కన కొంగు కప్పుకుని నిలబడింది. ఇప్పుడున్న సర్పంచి తాడు తనే లాగుతుంది, బోరు మోటారు బిల్లు ఎందుకంతయిందో నలుగురిలో అడుగుతుంది కూడా. నాకు ఇది చిన్న విషయం కాదు.

పాలమూరు బిడ్డ:
మా దిక్కు ముచ్చట వేరే ఉంది. 1947 ఆగస్టు 15 నాడు ఇక్కడ నిజాం రాజ్యమే. హైదరాబాద్‌ల జెండా ఎగరేసినందుకు స్టేట్ కాంగ్రెస్ నాయకుడు స్వామి రామానంద తీర్థను జైల్ల పెట్టిన్రు. మాకు 1948 సెప్టెంబర్ 17 దాకా ఆ దినం రాలే. మా తాత ఎప్పుడూ ఒకటే అనేటోడు, గా జెండా పట్టుకుంటే తన్నులు తిన్న రోజులు చూసిన బిడ్డా అని. అందుకే నేనైతే పోత. భాషణం అయిపోయేదాక ఉండను, వందనం చేసి వస్త. తమ్మీ, నీ పాసుబుక్కు ముచ్చట మాత్రం విడిచిపెట్టకు. నాన్న అర్జీ ఏ తేదీన ఎవరి దగ్గర ఆగిందో సమాచార హక్కు కింద అడుగు. ముప్పై రోజులల్ల జవాబియ్యాలె.

మెట్ట రైతు కొడుకు:
అందరికీ దండాలు. తెనాలి అన్నా, మీ ఐదో తరగతి సంగతి చదివాక రాత్రి నిద్ర పట్టలేదు. పాలమూరు అన్న చెప్పినట్టు దరఖాస్తు రాశాను. నాన్నకి చదివి వినిపిస్తే, 'ఆ సారుకి కోపం వస్తుందేమోరా' అన్నారు. కాసేపాగి, 'రానీలే' అని సంతకం పెట్టారు. సెలవు అయ్యాక ఇచ్చి వస్తాం. 15న ఆయనతో అమ్మ కూడా వెళ్తానంటోంది. నేను వెళ్లేదీ లేనిదీ ఇంకా తేల్చుకోలేదు.