గనేరియా కల్చర్ స్వాబులు: మీ దగ్గర ఎలా పంపుతున్నారు?

జిల్లా_ల్యాబ్: గనేరియా (లైంగికంగా అంటుకునే సెగవ్యాధి) మందులకు లొంగడం లేదని ప్రతి ట్రైనింగులోనూ చెబుతారు. మా ల్యాబుకు కల్చర్‌కి (క్రిమిని పెంచి చూసే పరీక్షకు) వచ్చే స్వాబులే (స్రావం తీసిన దూది పుల్లలు) ఉండవు. ఒకటీ అరా వచ్చినా ప్లేటు మీద ఏమీ మొలవదు. మీ దగ్గర ఎలా?

సురక్ష_కౌన్సిలర్: మా సురక్ష (లైంగిక జబ్బుల) క్లినిక్కులో మూత్రనాళం నుంచి స్రావం అవుతోందని చెప్పగానే బూడిద రంగు కిట్ ఇచ్చేస్తాం. సెఫిక్సిమ్ 400 మి.గ్రా., అజిత్రోమైసిన్ 1 గ్రాము. పద్ధతే అది. ల్యాబ్ ఫలితం దాకా ఆగమంటే మనిషి మళ్లీ కనిపించడు. తగ్గలేదని తిరిగొచ్చినవాళ్లను ఇంట్లో ఆవిడ కూడా మందు వేసుకున్నారా అని అడిగితే నేల చూపులు చూస్తారు. మళ్లీ అంటుకుందో, మందే పని చెయ్యలేదో ఎలా తేల్చాలి?

మెడికల్_షాపు: మీ దాకా వచ్చేవాళ్లు నయం. మా కౌంటర్ దగ్గర "వేడి చేసింది, మంట" అని గొణిగి, అజిత్రో 500 అడిగి పట్టుకుపోతారు. చీటీ అడిగితే పక్క షాపు ఉంది కదా!

మైక్రో_పీజీ: @జిల్లా_ల్యాబ్, మీ స్వాబులు ఐస్ బాక్సులో వస్తున్నాయా? ఈ క్రిమి మహా సుకుమారం. చలికి, ఆరిపోతే చచ్చిపోతుంది. చార్‌కోల్ ఉన్న అమీస్ మీడియంలో (స్వాబులు పంపే జెల్లీలో), చల్లబెట్టకుండా, అదే రోజు రావాలి. చాక్లెట్ అగర్ (వేడిచేసిన రక్తం కలిపిన జెల్లీ) మీద వేసి 35-36 డిగ్రీల్లో, 5 శాతం కార్బన్ డయాక్సైడ్‌లో పెట్టాలి. ఆ ఇంక్యుబేటర్ లేకపోతే మూత బిగించే జాడీలో తడి దూది, వాసన లేని తెల్ల కొవ్వొత్తి. వెలిగించి మూత పెడితే దానంతటదే ఆరుతుంది, సరిపోతుంది. పీసీఆర్ (క్రిమి జన్యుపదార్థాన్ని పట్టే పరీక్ష) మీద ఆధారపడకండి. జబ్బు ఉందని చెబుతుంది గానీ, ఏ మందుకు లొంగుతుందో మామూలు కిట్లు చెప్పవు.

లండన్_డాక్టర్: ఇంగ్లండ్‌లో 2000 నుంచి గ్రాస్ప్ పేరుతో గనేరియా మందులకు లొంగుతోందా లేదా అని నిఘా ఉంది, ఎంపిక చేసిన క్లినిక్కుల కల్చర్లు జాతీయ ల్యాబుకు వెళ్తాయి. అమెరికాలో అలాంటిదే అయిన గిస్ప్ కింద క్లినిక్కుకు నెలకు మొదటి 25 మంది మగవాళ్ల శాంపిళ్లు తీసుకునేవారు. అందరికీ కల్చర్ చెయ్యక్కర్లేదన్నమాట. 2018లో ఇక్కడ ఒకతనికి సెఫ్ట్రయాక్సోన్ (గనేరియాకు ఇచ్చే ఇంజెక్షన్) ఇచ్చాక మూత్ర పరీక్ష నెగటివ్, గొంతులో మాత్రం పాజిటివ్. చికిత్స తర్వాత మళ్లీ పరీక్షించారు కాబట్టే దొరికింది. చివరికి ఎర్టాపెనెమ్ అనే మరో యాంటీబయాటిక్‌తో తగ్గింది. నా మాట వింటే, కిట్ వేసుకుని తిరిగొచ్చినవాళ్లతో మొదలుపెట్టండి.

సురక్ష_కౌన్సిలర్: అది మా వల్ల అవుతుంది. రెండో కిట్ ఇచ్చే ముందే స్వాబ్ తీయించమని డాక్టర్‌గారిని అడుగుతాను.

మైక్రో_పీజీ: మొలిచినవి ఉస్మానియా మెడికల్ కాలేజీలోని ప్రాంతీయ ఎస్టీఐ (లైంగిక ఇన్ఫెక్షన్ల) సెంటర్‌కు పంపే వీలుందేమో ముందే కనుక్కోండి.

జిల్లా_ల్యాబ్: జాడీ ఉంది. చాక్లెట్ అగర్‌కి ఇండెంట్ పెడుతున్నా. అమీస్ స్వాబులు ఏ పద్దు కింద కొంటున్నారో ఎవరైనా చెప్తారా?