ఇమ్యునాలజీ ల్యాబ్‌లో ఆర్ఏగా చేరుతున్నా, ఏం చూసుకోవాలి?

హనుమకొండ చెల్లి:
అందరికీ నమస్తే. మేలో ఎమ్మెస్ అయిపోయింది. సోమవారం నుంచి బోస్టన్‌లో ఒక హాస్పిటల్ ఇమ్యునాలజీ (రోగనిరోధక శాస్త్రం) ల్యాబ్‌లో రీసెర్చ్ అసిస్టెంట్‌ని, ఓపీటీ (చదువయ్యాక స్టూడెంట్ వీసా మీదే పని చేసుకునే అనుమతి) మీద. కోర్సులో ఎలైజా (రంగు మార్పుతో ప్రోటీన్లని కొలిచే పరీక్ష) తప్ప నా చేత్తో చేసింది పెద్దగా లేదు. జాయినింగ్‌కి టీబీ టెస్టు చేయించుకోమన్నారు. చిన్నప్పుడు బీసీజీ (టీబీ టీకా) వేయించారు కదా, పాజిటివ్ వస్తే ఎలా? ఇంట్లోనేమో "ఎమ్మెస్ చేసి అసిస్టెంటా?" అంటున్నారు. అక్కలు, అన్నలు కాస్త చెప్పండి.

లాంగ్‌వుడ్ అక్క:
ముందు టీబీ సంగతి. చేతికి సూది వేసి రెండు రోజుల తర్వాత వాపు చూసే టెస్టు కాకుండా రక్త పరీక్ష చేయమని అడుగు. ఇగ్రా అంటారు. బీసీజీ వేయించుకున్నవాళ్లకి చర్మం టెస్టు ఉత్తినే వాచే అవకాశం ఉంది. నాకలాగే వాచి, ఎక్స్‌రే దాకా తిప్పారు. రక్త పరీక్షలో వాడే ఈశాట్-6, సీఎఫ్‌పీ-10 ప్రోటీన్లు బీసీజీలో ఉండవు కాబట్టి ఆ గొడవ లేదు. టీబీని ఎరిగిన టీ సెల్స్ (రోగనిరోధక కణాలు) నీ రక్తంలో ఉంటే, ఆ ప్రోటీన్లని చూడగానే ఇంటర్‌ఫెరాన్ గామా అనే సంకేత పదార్థాన్ని వదులుతాయి. దాన్ని కొలిచేది నీకొచ్చిన ఎలైజాతోనే! పాజిటివ్ వచ్చినంత మాత్రాన జబ్బున్నట్టు కాదు. మనుషుల రక్తంతో పని ఉంటే హెపటైటిస్-బి టీకా వాళ్లే ఉచితంగా ఇవ్వాలి, వద్దనకు.

ఇక అసలు మాట. ల్యాబ్‌లో ఊకొట్టకు.

నేను చేరిన రెండో వారం. రక్తంలోంచి తెల్లకణాలు వేరుచేయడం సీనియర్ ఒకసారి చూపించి "అర్థమైందా?" అంది. నేను మనవాళ్ల పద్ధతిలో తలూపాను. మర్నాడు ఒక్కదాన్నే. రక్తంలో అంతే పీబీఎస్ (ఉప్పునీటి ద్రావణం) కలిపి, ట్యూబు వంచి పట్టుకుని, ఫైకాల్ అనే బరువైన ద్రావణం మీద చుక్కచుక్కగా పొర కదలకుండా పోశాను. అప్పటిదాకా బాగానే ఉంది. ట్యూబుల్ని గిర్రున తిప్పే సెంట్రిఫ్యూజ్‌లో 400 జీ (భూమ్యాకర్షణకి 400 రెట్లు), అరగంట పెట్టాను. బ్రేక్ ఆపేయాలన్న సంగతి మర్చిపోయాను. బ్రేక్ లేకపోతే అది మెల్లగా తనంతట తను ఆగుతుంది. అప్పుడు పైన పసుపు రంగు ప్లాస్మా, అడుగున ఎర్రకణాలు, మధ్యలో పల్చటి తెల్లటి వలయం కనిపిస్తాయి. మనకి కావలసింది ఆ వలయమే. నాది గభాలున ఆగి, పొరలు కలిసిపోయి, తేరుకున్న మజ్జిగని ఎవరో గిలక్కొట్టినట్టయింది.

తప్పు అది కాదు. ఎవరికీ చెప్పకుండా అందినకాడికి పిపెట్‌తో లాగి, కడిగి, ఫ్రీజ్ చేసి, లేబుల్ అంటించి పెట్టేయడం తప్పు. నెల తర్వాత మా పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ అయ్యాక పరిశోధన చేసే ఆయన) ఆ వయల్ (చిన్న సీసా) కరిగించి ఫ్లో సైటోమీటర్ (కణాల్ని ఒక్కొక్కటిగా గుర్తుపట్టి లెక్కపెట్టే మిషను) మీద పెడితే, చెత్త తప్ప కణాలు సరిగా కనపడలేదు. రెండు రోజులు ఆయన కణాల్ని గుర్తుపట్టడానికి వాడే తన యాంటీబాడీలని అనుమానించాడు. అది ఒక పేషెంటు మందు మొదలుపెట్టక ముందు ఇచ్చిన రక్తం. మళ్లీ తీయడానికి లేదు. పీఐ (ల్యాబ్ పెద్ద) బ్రేక్ గురించి ఒక్క మాట కూడా అనలేదు. "ఆ గంటలోనే చెప్పి ఉంటే మిగిలిన రక్తంతో మళ్లీ చేసేవాళ్లం కదా" అన్నారు. తిట్టినా బాగుండేది.

అందుకే అర్థం కాకపోతే రెండోసారి చూపించమను. మూడోసారి నువ్వు చేస్తుంటే వాళ్లని పక్కన నిలబడమను. తల అడ్డంగా ఊపితే అవునో కాదో వీళ్లకి తెలియదు కాబట్టి నోటితో చెప్పు. పొరపాటు జరిగితే ట్యూబు పారేయక ముందే చెప్పి, నోట్‌బుక్‌లో అదే రోజు రాయి. ఆ నోట్‌బుక్ ల్యాబ్‌ది, నీది కాదు. పీఐని సార్, మేడమ్ అనకు, పేరుతో పిలవాలి. నాకు అది అలవాటయ్యేసరికి ఆర్నెల్లు పట్టింది.

ఇంట్లోవాళ్లకి సుబ్బారావు గారి సంగతి చెప్పు. మా భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఈ బోస్టన్‌కే వచ్చి, హాస్పిటల్‌లో పోర్టరు పని చేసుకుంటూ చదువుకున్నారు. 1925లో సైరస్ ఫిస్క్ అనే శాస్త్రవేత్తతో కలిసి ప్రచురించింది ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి. రోజూ ట్యూబులతో కుస్తీ పడే పనే కదా అదీ.

ఫిలడెల్ఫియా అన్న:
అక్క చెప్పనిది వీసా గురించి. ఓపీటీలో ఉద్యోగం లేకుండా మొత్తం 90 రోజులు దాటకూడదు, వారానికి కనీసం 20 గంటల పని ఉండాలి. స్టెమ్ ఓపీటీ (సైన్సు, టెక్నాలజీ చదివినవాళ్లకి పొడిగింపు) ఇంకో 24 నెలలు వస్తుంది కానీ ఎంప్లాయర్ ఈ-వెరిఫైలో (ఉద్యోగుల పని అర్హత సరిచూసే ప్రభుత్వ వ్యవస్థ) ఉండాలి, ఐ-983 అనే ట్రైనింగ్ ప్లాన్ ఫారం మీద సంతకం పెట్టాలి. ఇవి చేరిన వారంలోనే హెచ్ఆర్‌ని అడిగి పెట్టుకోమ్మా. రూల్స్ మారుతుంటాయి, మా మాట మీద కాకుండా మీ యూనివర్సిటీ డీఎస్ఓ (విదేశీ విద్యార్థుల వీసా సంగతులు చూసే అధికారి) మాట మీద నడువు.

హనుమకొండ చెల్లి:
థాంక్స్ అన్నా, అక్కా. ఇంకొకటి. ఎలుకల పని కూడా ఉంటుందన్నారు. మా నాయనమ్మకి తెలిస్తే వినాయకుడి వాహనం అంటుంది. నాకూ చంపడమంటే చేతులు రావేమో అనిపిస్తోంది.

లాంగ్‌వుడ్ అక్క:
అది తప్పేం కాదు, ఇప్పుడే చెప్పు. మా ల్యాబ్‌లో ఒకమ్మాయి మనుషుల శాంపిల్స్ మాత్రమే చేస్తుంది, ఎవరూ ఏమీ అనుకోరు. చేయాల్సి వస్తే మాత్రం ట్రైనింగ్ పూర్తికాకుండా ఎలుకని ముట్టుకోనివ్వరు, జంతువుల ప్రయోగాలు చూసే కమిటీ ఒప్పుకున్న ప్రోటోకాల్‌లో నీ పేరు ఉండాలి. ఎందుకీ పాపం అని నాయనమ్మ అడిగితే, 2025లో నోబెల్ వచ్చిన రెగ్యులేటరీ టీ సెల్స్ (రోగనిరోధక కణాలు మన ఒంటి మీదే దాడి చేయకుండా ఆపేవి) పనిలో ఒక పెద్ద ముక్క స్కర్ఫీ అనే జబ్బు ఎలుకల్లోంచే దొరికిందని చెప్పు. ఒప్పుకుంటుందని కాదు. నాకు మొదటిసారి ప్లీహం చేతికి వచ్చినప్పుడు, చిక్కుడు గింజంత ఉంది, అన్నం తినాలనిపించలేదు. రెండోసారి తిన్నాను.

గ్లవ్స్, మాస్క్ తీయకు. ఎలుకల మూత్రంలోని ప్రోటీన్లకి చాలామందికి ఎలర్జీ పట్టుకుంటుంది. తుమ్ములు మొదలైతే ఎంప్లాయీ హెల్త్‌కి చెప్పు, జలుబని ఊరుకోకు.

సోమవారం స్వెట్టర్ పట్టుకెళ్లు, కోల్డ్ రూమ్ నాలుగు డిగ్రీలు. పెరుగన్నం డబ్బా మాత్రం ల్యాబ్ ఫ్రిజ్‌లో పెట్టకు, బ్రేక్ రూమ్‌లో వేరే ఫ్రిజ్ ఉంటుంది.